నంది కొండల కింద వైన్ రుచి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బెంగళూరు చుట్టుపక్కల వైనరీల గురించే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం. టికెట్ ధరలు సీజన్‌కొక తీరుగా మారుతుంటాయి కాబట్టి వాటి జోలికి పోలేదు.

ప్రశ్న: నలుగురు స్నేహితులం కారులో బెంగళూరు వెళ్తూ దారిలో వైనరీ ఒకటి చూడాలనుకుంటున్నాం. ఎటు తిరగాలి? నేరుగా వెళ్తే లోపలికి రానిస్తారా? (హిందూపురం)

మీకు దారిలోనే పడే వైనరీ గ్రోవర్ జంపా. దొడ్డబళ్ళాపురం, దేవనహళ్ళి మధ్య రోడ్డులో రఘునాథపుర దగ్గర ఉంది. నంది కొండల పాదాల దగ్గర 1988లో తోట వేసి, 1992లో మొదటి సీసాలు బయటికి తెచ్చారు. దక్షిణాదిలో వైన్ ద్రాక్షను పట్టుదలగా సాగుచేసిన తొలి తోటల్లో ఇదొకటి.

మీరు బెంగళూరు దాకా పోయి వెనక్కి రావాల్సిన పనే లేదు. హిందూపురం, గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురం, అక్కణ్ణుంచి దేవనహళ్ళి రోడ్డు పట్టుకుంటే చాలు. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం వైపు నుంచి 44వ జాతీయ రహదారి మీద వచ్చేవాళ్ళు చిక్కబళ్ళాపురం దాటాక దేవనహళ్ళిలో కుడివైపు తిరగాలి. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకు యలహంక మీదుగా సుమారు 40 కిలోమీటర్లు.

ముందు ఫోన్ చేయకుండా వెళ్ళకండి. తోట చూపించడం, రుచి చూపించడం రోజుకు కొన్ని వేళల్లోనే ఉంటాయి. ఆ వేళ తప్పితే దుకాణంలో సీసా కొనుక్కుని వెనక్కి తిరగడమే. ఫోన్‌లో నాలుగు సంగతులు అడగండి: ఎన్ని రకాలు పోస్తారు, ఒక్కో రకం ఎన్ని మిల్లీలీటర్లు, ట్యాంకుల గది ఆ రోజు తెరుస్తారా, భోజనం అక్కడే దొరుకుతుందా. మూడోది మరిచిపోవద్దు. సీసాలు నింపే పనో, కడిగే పనో ఉన్న రోజున ఆ గది మూసేసి, గోడమీది బొమ్మలు చూపించి పంపేయవచ్చు.

ఉదయం పదకొండు గంటల వేళ దొరికితే అదే తీసుకోండి. అప్పటికి ముక్కు అలిసిపోదు, ఎండ ముదరదు, గుంపు తక్కువ. తోట, ట్యాంకులు, పీపాల గది, రుచి అన్నీ కలిపి గంట నుంచి గంటన్నర. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా వస్తుంటే ఘాటి సుబ్రహ్మణ్యమో, నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయమో ముందు చూసుకుని, వైనరీని తరవాత పెట్టుకోండి. నోట్లో వైన్ వాసనతో గుడి మెట్లెక్కడం ఎవరికీ బాగుండదు.

ఇంకో చిక్కు ఉంది. మనవాళ్ళు ఊరు కదిలేదే వరస సెలవులకు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 డ్రై డేలు. ఎన్నికలైతే పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటలూ అంతే. ఆ రోజుల్లో గ్లాసు పోయరు, సీసా అమ్మరు. 21 ఏళ్ళు నిండినట్టు చూపే గుర్తింపు కార్డు కూడా దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మే నెలలో వెళ్తే తోటలో ఒక్క గుత్తి లేదు, అన్నీ ఆకులే. ఏ నెలలో వెళ్తే కాయ చూడొచ్చు? రోడ్డు పక్కన పందిళ్ళ మీద మాత్రం నల్లటి కాయ ఉంది, అదేమిటి? (కూకట్‌పల్లి)

చలి దేశాల్లో ద్రాక్షతీగ శీతాకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర ఆ నిద్ర ఉండదు. అందుకే రైతే కత్తెరతో తీగకు కాలాన్ని నేర్పిస్తాడు. ఏడాదికి రెండు కత్తిరింపులు. పంట కోశాక ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి గట్టిగా కత్తిరిస్తే కొత్త కొమ్మ పెరుగుతుంది. ఆ కొమ్మలో ముదిరిన మొగ్గే తరవాతి పంటకు ఆధారం. వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబర్, అక్టోబర్‌లలో రెండోసారి కత్తిరిస్తే పూత, కాయ వస్తాయి. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్ళు పరుచుకుని ఉన్న రోజుల్ని ఎరిగిన రైతులకు ఈ లెక్క కొత్త కాదు. మీరు వెళ్ళింది మొదటి కత్తిరింపు తరవాత. ఆకు తప్ప ఏమీ ఉండదు.

నంది ప్రాంతంలో వైన్ ద్రాక్ష కోత ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదలు దాకా. నాసిక్‌లో కొంచెం ముందు, జనవరి నుంచి మార్చి. కాయ రంగు తిరగడం చూడాలంటే జనవరి ఆఖరు మంచిది. కోత రోజుల్లో వెళ్తే కాయను తొడిమల నుంచి విడదీసే యంత్రం, పిండే యంత్రం తిరుగుతుండగా చూడొచ్చు. మామూలు రోజుల్లో అవి కడిగి పెట్టిన స్టీలు సామాన్లే. అయితే కోత కాలంలో నేల ఎప్పుడూ తడి. హవాయి చెప్పులతో జారిపడతారు, పట్టున్న బూట్లు వేసుకోండి. పులుస్తున్న ట్యాంకు నుంచి కార్బన్ డయాక్సైడ్ పొర్లుతుంటుంది. అది గాలికంటే బరువు, వాసన లేదు, పీలిస్తే ఊపిరాడదు. ట్యాంకు మూతలోంచి తల వంచి చూడటం, పిల్లల్ని ఎత్తి చూపించడం వద్దు.

రోడ్డు పక్కన మీరు చూసింది బెంగళూరు బ్లూ. 2013లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చవక రకం తీపి వైన్లకూ, రసానికీ, తినడానికీ వాడతారు. దాని ఘాటైన సువాసన చాలామందికి చిన్నప్పటి గ్రేప్ జ్యూస్‌ను గుర్తుచేస్తుంది. ఆ వాసనే మంచి టేబుల్ వైన్‌కు పనికిరాకుండా చేస్తుంది. ఎర్ర వైన్‌కు పెంచే కాబెర్నే, షిరాజ్ రకాల కాయలు చిన్నవి. తొక్క మందం, లోపల గింజ ఉంటుంది, గుజ్జు తక్కువ. తినడానికి కొన్న ద్రాక్షలా ఉండాలని ఆశిస్తే నిరాశే. కానీ తీపిలో బజారు ద్రాక్షను మించిపోతాయి. రసంలో చక్కెర 22 నుంచి 24 బ్రిక్స్‌కు (అంటే నూరు గ్రాముల రసంలో సుమారు అన్ని గ్రాములు) వచ్చాకే కోస్తారు, అప్పుడు గానీ వైన్‌లో 12, 13 శాతం ఆల్కహాల్ రాదు. ఒక 750 మిల్లీలీటర్ల సీసాకు కిలోకు పైగానే కాయ కావాలి.

ప్రశ్న: ఐదు రకాలూ మూతి తడిసేంతే పోస్తారు. అంతమాత్రానికి డ్రైవర్‌ను పెట్టుకోవాలా? (బెంగళూరు, మారతహళ్ళి)

పెట్టుకోవాలి. లెక్క చూడండి. ఒక్కో రకం 30 మిల్లీలీటర్లు, ఐదు కలిపి 150. అందులో 13 శాతం ఆల్కహాల్ అంటే 19.5 మిల్లీలీటర్లు, బరువులో సుమారు 15 గ్రాములు. 70 కిలోల మగమనిషి ఖాళీ కడుపుతో ఇది మింగితే, లెక్క ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 32 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. 55 కిలోల ఆడమనిషికి అదే కొలత 50 దాకా పోతుంది. చట్టం ఒప్పేది 30. తిని తాగితే కాస్త తగ్గుతుంది, కానీ ఆ "కాస్త" ఎంతో మీటరు పెట్టే పోలీసుకు తప్ప ఎవరికీ తెలియదు. ఒంట్లోంచి గంటకు తగ్గేది 10, 15 మిల్లీగ్రాములే. మజ్జిగ, నిమ్మకాయ, కాఫీ ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ.

నంది దారిలో తిరుగు ప్రయాణానికి యాప్ క్యాబ్ దొరుకుతుందని ధీమాగా వెళ్ళకండి. వచ్చిన బండినే నిలిపి ఉంచుకునేలా మాట్లాడుకోండి. లేదా ఒకరు పూర్తిగా మానేయాలి. ఉమ్మడానికి బల్ల మీద చిన్న బకెట్ ఉంటుంది, అడిగితే ఇస్తారు. సిగ్గుపడకండి, ఆ వృత్తిలో ఉన్నవాళ్ళంతా ఉమ్మేవాళ్ళే. ఉమ్మినా కొంత నోట్లోంచే లోపలికి పోతుంది కాబట్టి బండి నడిపేవాళ్ళకు అదీ వద్దు.

ప్రశ్న: అక్కడి అమ్మాయి "జామ, గడ్డి, మిరియాలు" అంటూ చెప్పుకుపోయింది. నాకు అన్నీ పుల్లగా ఒకేలా ఉన్నాయి. లోపం నాలోనా, వైన్‌లోనా? (విజయవాడ)

ముందు ఒక మాట అడుగుతాం: తలలో మల్లెపూలు పెట్టుకున్నారా, లేక పక్కవాళ్ళు సెంటు కొట్టుకున్నారా? వైన్ వాసన సన్నటిది. మల్లె, అత్తరు, పాన్, వక్కపొడి, మింట్ బిళ్ళ, అప్పుడే తాగిన ఫిల్టర్ కాఫీ, వీటిలో ఏ ఒక్కటున్నా దాన్ని మింగేస్తుంది. వెళ్ళే ముందు గంటసేపు నోటిని ఖాళీగా ఉంచండి, మంచినీళ్ళు తప్ప. ఖాళీ కడుపు మాత్రం వద్దు, ఇడ్లీ తిని వెళ్ళండి, కారం చట్నీ లేకుండా.

ఇక వరస. బుడగల వైన్, తీపి లేని తెల్లది, రోజే అనే గులాబీ రంగుది, తేలిక ఎర్రది, చిక్కటి ఎర్రది, చివర్న తీపిది. ఈ వరస తప్పితే నోరు మోసపోతుంది. తీపి తాగాక తెల్లది తాగితే చింతపండు పులుసులా అనిపిస్తుంది. మీకు "అన్నీ పుల్లగా" ఉండటానికి కారణం అదే కావచ్చు.

గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి, గిన్నెను పట్టుకుంటే చేతి వేడికి వైన్ వెచ్చబడుతుంది. తెల్ల కాగితం మీద వంచి రంగు చూడండి. ఊపకముందు ఒకసారి వాసన చూసి, బల్ల మీదే గుండ్రంగా నాలుగుసార్లు తిప్పి మళ్ళీ చూడండి. ఈ రెంటి మధ్య తేడా తెలిస్తే సగం పని అయినట్టే. తరవాత ఒక చెంచాడు నోట్లోకి తీసుకుని, నాలుక చుట్టూ తిప్పి, ఐదారు సెకన్లు ఆగండి. మూడు సంగతులు గమనిస్తే చాలు. నోటి పక్కల్లో నీరూరితే పులుపు. చిగుళ్ళు పట్టేసినట్టయితే వగరు. గొంతులో వెచ్చగా దిగితే ఆల్కహాల్.

వగరును వాళ్ళు ట్యానిన్ అంటారు. నేరేడుపండు తిన్నాక నాలుక మొద్దుబారుతుందే, అదే. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వస్తుంది. ఎర్ర వైన్‌ను తొక్కలతోపాటు పులియబెడతారు కాబట్టి దానిలో ఎక్కువ. తెల్లదానికి ముందే రసం పిండేసి తొక్క తీసేస్తారు కాబట్టి దాదాపు ఉండదు.

వాసనల పేర్లకు భయపడొద్దు. సోవిన్యో బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో పచ్చి క్యాప్సికం కోసిన వాసన, షిరాజ్‌లో దంచిన మిరియం, పీపాలో ఉంచిన ఎర్రదానిలో వెనీలా, కాల్చిన కొబ్బరి చిప్ప. ఈ మూడూ పట్టుబడితే మొదటి రోజుకు చాలు. వాళ్ళు చెప్పే గూస్‌బెర్రీ మన ఉసిరి కాదు, వెతక్కండి.

వేడి సంగతి కూడా చూసుకోండి. బుడగల వైన్ 6 నుంచి 8 డిగ్రీలు, తెల్లది 8 నుంచి 12, ఎర్రది 16 నుంచి 18. "ఎర్రది గది వేడిలో తాగాలి" అన్న మాట చలి దేశపు గది గురించి. మన 30 డిగ్రీల గదిలో పోస్తే ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకు కొడుతుంది. గ్లాసు వెచ్చగా వస్తే "కాసేపు చల్లబరిచి ఇస్తారా?" అని అడగండి, తప్పేమీ లేదు. అలా అడిగినా ముఖం చిట్లించే టేస్టింగ్ రూమ్‌లో సీసా కొనకండి, అక్కడ నిల్వ కూడా అలాగే చేస్తుంటారు.

ప్రశ్న: ఆవకాయ, గోంగూర మాంసంతో ఏ వైన్ బాగుంటుంది? (గుంటూరు)

చిక్కటి ఎర్రది వద్దు. ఆల్కహాలూ వగరూ కలిసి కారపు మంటను రెండింతలు చేస్తాయి. కాస్త తీపి మిగిలిన షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్, బాగా చల్లగా, 8 డిగ్రీల దగ్గర తాగి చూడండి. గోంగూర పులుపు ముందు పులుపు తక్కువ వైన్ నీళ్ళలా తేలిపోతుంది, షెనిన్‌కు ఆ పులుపు ఉంది. కారం తక్కువ వేసిన వేపుడుకు షిరాజ్ సరే. ఆవకాయన్నానికి మాత్రం మజ్జిగే.

ప్రశ్న: మేం శాకాహారులం. వైన్‌లో గుడ్డు కలుపుతారని విన్నాం, నిజమా? (రాజమండ్రి)

కలిపి ఉంచరు. మడ్డి తేర్చడానికి కొందరు వాడతారు. ఎర్ర వైన్ వగరు తగ్గించడానికి గుడ్డు తెల్లసొన, తెల్లదానికి పాల కేసీన్, చేప నుంచి తీసే ఐసింగ్లాస్, జెలటిన్ వంటివి వేస్తే మడ్డిని పట్టుకుని అడుగుకు దిగుతాయి. పైతేట తీసుకుని అడుగును పారేస్తారు. బెంటొనైట్ అనే మట్టితోనూ ఇదే పని చేయవచ్చు, అది శాకాహారమే. మన దేశంలో మద్యం సీసాకు ఆకుపచ్చ చుక్క తప్పనిసరి కాదు కాబట్టి లేబుల్ చూసి తేల్చుకోలేరు. "తేర్చడానికి ఏం వాడారు?" అని వైనరీలో అడగండి. పోసేవాళ్ళకు తెలియకపోతే వైన్‌మేకర్‌ను అడిగి చెప్పమనండి. ఆస్తమా ఉన్నవాళ్ళు లేబుల్ మీద సల్ఫైట్ల (వైన్ చెడకుండా వేసేవి) హెచ్చరిక చూసుకోవాలి.

ప్రశ్న: ఆరు సీసాలు కొని కారు డిక్కీలో ఇంటికి తెచ్చుకోవచ్చా? (కర్నూలు)

రెండు కారణాల వల్ల వద్దు.

మొదటిది చట్టం. వేరే రాష్ట్రంలో పన్ను కట్టిన మద్యం మన రాష్ట్రంలో పన్ను కట్టనిదే అవుతుంది. ఎక్సైజ్ వాళ్ళ భాషలో నాన్ డ్యూటీ పెయిడ్ లిక్కర్. సరిహద్దు చెక్‌పోస్టుల్లో, రైళ్ళలో, విమానాశ్రయంలో పట్టుకునేది దీన్నే. "విమానంలో అనుమతిస్తారు కదా" అని కొందరు రాశారు. 24 శాతం లోపు ఆల్కహాల్ ఉన్నదానికి చెక్-ఇన్ సామానులో పరిమాణ పరిమితి లేకపోవడం విమాన భద్రత నియమం. దిగిన ఊళ్ళో ఎక్సైజ్ నియమం దానికి లోబడదు. రుచి చూసి నచ్చినవాటి పేరు, ద్రాక్ష రకం, సంవత్సరం రాసుకుని ఇంటి దగ్గర దుకాణంలో అడగండి. పెద్ద కంపెనీల వైన్లు నగరాల్లో దొరుకుతూనే ఉన్నాయి.

రెండోది వేడి. ఈ జాగ్రత్త బెంగళూరువాళ్ళకు కూడా. ఎండలో నిలిపిన కారు డిక్కీలో మధ్యాహ్నం రెండు గంటలుంటే చాలు, వైన్ ఉడికిపోతుంది. లోపల వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది, తీసి చూస్తే పండ్ల వాసన పోయి జామ్ వాసన వస్తుంది. సీసాలు చివరి మజిలీలోనే కొనండి. థర్మాకోల్ డబ్బాలో పెట్టి, ఏసీ ఉన్న సీట్ల దగ్గర ఉంచండి, బిల్లు పారేయకండి.

ప్రశ్న: షిరిడీ వెళ్తున్నాం. నాసిక్‌లో సూలా వైనరీ చూడటం కుదురుతుందా? (కరీంనగర్)

షిరిడీ నుంచి నాసిక్ సుమారు 90 కిలోమీటర్లు. త్ర్యంబకేశ్వరం ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడే చెబితే క్యాబ్‌వాళ్ళు కలుపుతారు. సూలా ఊరికి పడమర, గంగాపూర్ డ్యామ్ వైపు ఉంది. వాళ్ళ మొదటి వైన్ 2000లో వచ్చింది, టేస్టింగ్ రూమ్ 2005లో తెరిచారు. శని, ఆదివారాల్లో ముంబై జనం విరుచుకుపడతారు, పోసేవాళ్ళకు మాట్లాడే తీరిక ఉండదు. సోమవారం నుంచి గురువారం లోపు వెళ్ళండి. కోత కాలంలో ద్రాక్ష తొక్కే సరదా పెడతారు. కాళ్ళతో తొక్కిన ఆ రసం సీసాల్లోకి పోదు, సందేహం వద్దు. తెల్లబట్టలు మాత్రం వేసుకోకండి, ఆ మరక పోదు.

ప్రశ్న: అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు. లివర్‌మోర్ గుడికి ఎలాగూ వెళ్తాం, అక్కడి వైనరీలు వాళ్ళకు చూపించొచ్చా? (ఫ్రీమాంట్)

శివ-విష్ణు ఆలయం నుంచి వైనరీలు కారులో కొద్ది నిమిషాల దూరమే. వెంటీ, కాంకనన్ రెండూ 1883లో మొదలైనవి. కాలిఫోర్నియాలో పండే షార్డొనే అనే తెల్ల వైన్ ద్రాక్షలో పెద్ద భాగం వెంటీ తోట నుంచి వెళ్ళిన అంట్ల సంతానమే. తాగనివాళ్ళు తోటలో కూర్చోవడానికి అభ్యంతరం ఉండదు, బుక్ చేసేటప్పుడు ఎంతమంది తాగుతారో, ఎంతమంది తాగరో చెప్పండి. రుసుము తాగేవాళ్ళకే వేస్తారా, సీసా కొంటే మాఫీ చేస్తారా అన్నదీ అప్పుడే అడగండి. నాన్నగారు రుచి చూస్తానంటే వయసు చూపడానికి పాస్‌పోర్టు కావాలి. ఇండియాకు సీసాలు పట్టుకెళ్ళేటట్టయితే కస్టమ్స్ సుంకం లేకుండా పెద్దవాళ్ళు ఒక్కొక్కరికి 2 లీటర్లు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే, మూడోది పెడితే దాటుతుంది.

ప్రశ్న: కొన్న తెల్ల వైన్ అడుగున గాజుముక్కల్లా పలుకులు ఉన్నాయి. ఎర్రదేమో తడిసిన అట్టపెట్టె వాసన. రెండూ వెనక్కి ఇవ్వాలా? (హైదరాబాద్)

ఎర్రది ఇవ్వండి. అది బిరడా నుంచి వచ్చే టీసీఏ అనే పదార్థం. ఆరోగ్యానికి హాని లేదు కానీ వైన్ పోయినట్టే, గాలి తగిలేకొద్దీ వాసన ఇంకా పెరుగుతుంది. అగ్గిపుల్ల గీసిన వాసనైతే కంగారు పడొద్దు, గ్లాసులో నాలుగుసార్లు తిప్పితే పోతుంది. గోళ్ళ రంగు, సిర్కా (వెనిగర్) వాసనైతే పులిసి పాడైంది, అదీ వెనక్కే. టేస్టింగ్ రూమ్‌లోనే తేడా అనిపిస్తే "కొత్త సీసా తెరిచి పోయండి" అని అడగడం పద్ధతే. ముందురోజు తెరిచిన సీసా అడుగు పోశారేమో చూడమనండి, సోమవారాల్లో ఇది ఎక్కువ.

తెల్లది ఇవ్వనక్కర్లేదు. ఆ పలుకులు ద్రాక్షలోనే ఉండే టార్టరిక్ ఆమ్లం ఉప్పు. ఫ్రిజ్‌లో చల్లబడి పేరుకుంటాయి. సీసాను ఒక పూట నిలువుగా ఉంచి, కదపకుండా పోసుకుని, అడుగున వేలెడు వదిలేయండి.